కండక్టరమ్మ కాలి కొలత

జూన్ 3

అమ్మడూ,

నీ ఉత్తరం అందింది. అందిన దగ్గర్నుంచి చొక్కా జేబులోనే ఉంది. తీయడం, చదవడం, మడిచి పెట్టడం, మళ్ళీ తీయడం. మడత దగ్గర కాగితం అప్పుడే గుడ్డలా మెత్తబడిపోయింది. ఇంకోసారి రాసేటప్పుడు కొంచెం మందపాటి కాగితం మీద రాయి తల్లీ.

నిన్న కింద సెలూన్‌లోకి వెళ్ళి పైకి చదివాను. సెలూన్ బాబాయి కత్తెర ఆపి మరీ విన్నాడు. కుర్చీలో సగం గడ్డంతో కూర్చున్న పెద్దమనిషి "ముందు నా సంగతి తెమల్చండయ్యా" అన్నాడు. "మీ గడ్డం రేపు కూడా పెరుగుతుందండీ, మా అమ్మాయికి ఇలాంటి ఉద్యోగం రోజూ వస్తుందా?" అన్నాను. పాపం, ఆ నురగతోనే చివరిదాకా విన్నాడు. అయిపోయాక "మంచి పిల్ల" అన్నాడు కూడా.

కాళ్ళు పోయినవాళ్ళకి కాళ్ళు చేసే వర్క్‌షాపు! అందులో అచ్చు చెక్కే యంత్రం! ఆ యంత్రం ఏం చెక్కాలో, ఎంత చెక్కాలో చెప్పే రాత నువ్వు రాస్తావట! నేను ఇన్నేళ్ళూ చెప్పుల షాపు వెనక గదిలో కూర్చుని కర్రతో పాదాల అచ్చులు చెక్కాను. ఇప్పటికీ పొద్దున్నపూట వెళ్ళి చెక్కుతూనే ఉన్నాను. ఆ అచ్చు మీద తోలు లాగి చెప్పు కుడతారు. కాలికి తగిన చెప్పు దాకా వచ్చి నేను ఆగిపోయాను. నువ్వేమో చెప్పుకి తగిన కాలు దాకా వెళ్ళిపోయావు! ఇది తలుచుకుంటే ఉలి పట్టుకున్న చేతికి గిలిగింత పెట్టినట్టుంది. నిన్న ఒక అచ్చు మడమ దగ్గర ఎక్కువ చెక్కేశాను కూడా. యజమాని చూడలేదులే.

మీ అమ్మ మామూలే. "మూడు నెలలు చూసి ఉంచుకుంటామన్నారు, ఇంకా ఉంచుకోలేదు. ఊరంతా చాటింపు వేయకండి" అంది. ఆవిడ సంతోషం మనలా పైకి కనబడదు, ఎక్కడో డబ్బాలో పోసి మూత పెట్టుకుంటుంది.

ఒక్క సందేహం. "మొదటి ఫంక్షన్ రాశాను" అన్నావు. మీ అమ్మ "ఎవరింట్లో?" అని అడిగింది. సెలూన్‌లో మాత్రం నేను అన్నీ తెలిసినవాడిలా తల ఊపాను. నీ దగ్గర దాపరికం ఎందుకు, నాకూ తెలీదు. అదేమిటో అర్థమయ్యేలా రాయి. ఫోన్ చేస్తానంటావు గానీ, ఈ చెవులకి ఫోనులో నీ మాట ఈగ మోతలా వినబడుతుంది. నా బంగారం గొంతు ఈగలా వినడం నాకిష్టం లేదు. ఉత్తరమే రాయి.

నిన్ను తలుచుకుని ఛాతీ పొంగి గుండీలు తెంపుకుంటున్న
మీ నాన్న


జూన్ 11

నాన్నకి,

గుండీలు జాగ్రత్త. మళ్ళీ కుట్టాల్సింది అమ్మే.

ఫంక్షన్ అంటే చెబుతాను. మీ షాపులో ముందు కౌంటరుకీ, నీ వెనక గదికీ మధ్య చిన్న కిటికీ ఉంది కదా. కౌంటరు నుంచి కొలత రాసిన చీటీ లోపలికి వస్తుంది. నువ్వు లోపల చెక్కి, అచ్చుని అదే కిటికీలోంచి బయటికి ఇస్తావు. ఆ వెనక గదే ఫంక్షన్. కిటికీలోంచి నువ్వు బయటికిచ్చే అచ్చుని మేం రిటర్న్ అంటాం.

ఇంకోటి ఉంది. గదిలో నువ్వు ఒక ఉలిని 'పెద్దది' అంటావు. కౌంటరు దగ్గర యజమాని కూడా దేన్నో 'పెద్దది' అంటాడు, అది తోలు కోసే కత్తి. ఆయన "పెద్దది తీసుకురా" అంటే ఎవరూ నీ ఉలి పట్టుకెళ్ళరు. ఎవరి గదిలో పేరు ఆ గదిలోనే చెల్లుతుంది. ఒక పేరు ఎంతవరకు చెల్లుతుందో ఆ హద్దుని స్కోప్ అంటారు. లోపల పుట్టింది లోపలే ఉండిపోతుంది. లోపల ఎంత చేసినా బయటివాళ్ళకి తెలీదు. కిటికీలోంచి ఇచ్చింది ఒక్కటే వాళ్ళకి అందుతుంది.

నేను కూర్చునేది కూడా అలాంటి చిన్న గదే. పక్కన యంత్రం, ఎదురుగా ఒక్క కిటికీ. ఇక్కడ పెద్ద మేస్త్రీ గారని ఒకాయన ఉన్నారు, చేత్తో అచ్చు చెక్కడంలో ఆయనకి సాటి లేరు. యంత్రం అంటే మంట. "అది చెక్కితే కాలు కాదు, కొయ్య" అంటారు. మా ఆసుపత్రి పెద్ద డాక్టరు గారు మాత్రం చూద్దామన్నారు.

నా ఫంక్షన్ లెక్కతో వచ్చే మొదటి కాలు ఒక బస్సు కండక్టరుకి. నలభై దాటిన మనిషి. మోకాలి కింద ఒక కాలు తీసేశారు. అందరూ కండక్టరమ్మ అంటారు. సెలవు వచ్చే నెలాఖరుతో అయిపోతుంది. ఈలోగా నిలబడి పనిచేయగలిగితే మళ్ళీ బస్సు ఎక్కుతుంది, లేకపోతే డిపోలో కుర్చీ వేసి కూర్చోబెడతారట. "కుర్చీలో కూర్చుంటే మనుషులు నా దగ్గరికి రావాలి. నాకు మనుషుల్లోకి వెళ్ళడం అలవాటు" అంది. మిగిలిన కాలు దిగే గిన్నెలాంటి భాగాన్ని సాకెట్ అంటారు, యంత్రం చెక్కిన అచ్చు మీదే దాన్ని తయారుచేస్తారు. ఆవిడ కాలి చుట్టుకొలత నుంచి పట్టు కోసం ఎంత తగ్గించాలో నా ఫంక్షన్ లెక్క వేస్తుంది. అది సరిగ్గా వస్తే ఆవిడకి బస్సు, నాకు ఉద్యోగం.

అమ్మని అడిగానని చెప్పు. ఆ డబ్బా మూత అప్పుడప్పుడు తీయమని కూడా చెప్పు.

నీ అమ్మడు


జూన్ 17

నా తల్లీ,

నువ్వు చెప్పింది పూర్తిగా అర్థమైంది. అర్థమయ్యే సరికి ఒళ్ళు మండింది!

నీలాంటి పిల్లని తీసుకెళ్ళి ఒక చిన్న గదిలో కూర్చోబెడతారా? ఒక్క కిటికీ! లోపల ఎంత చేసినా బయటివాళ్ళకి తెలీదా? ఎంత కడుపు మండి ఉంటే రాసి ఉంటావు! నాకు చీటీ, కిటికీ, రిటర్ను అని మెత్తగా చుట్టి చెప్పావు. నాన్న బాధపడతాడని. ఆ మాత్రం పసిగట్టలేనా?

నా సంగతి వేరు అమ్మడూ. నేను చెక్కిన అచ్చుల మీద ఎంతమంది చెప్పులు తయారయ్యాయో, ఎన్ని పెళ్ళిళ్ళలో నడిచాయో. కౌంటరు దగ్గర జనం చెప్పు తొడుక్కుని "భలే కుదిరిందే" అనుకుంటూ వెళ్ళేవాళ్ళు. ఆ మాట కిటికీలోంచి నాకు వినబడేది. ఎవరు చెక్కారని మాత్రం ఒక్కరూ అడగలేదు. నాకు సరిపోయింది. నీకు సరిపోదు. నీ పేరు గోడ అవతలికి వెళ్ళాలి.

అందుకని నేనొక మంచి పని చేశాను. మీ పెద్ద డాక్టరు గారికి ఉత్తరం రాశాను. నా చేతిరాత బాగోదని కవరు మీద చిరునామా సెలూన్ బాబాయి చేత రాయించాను. చాలా మర్యాదగా రాశానులే. "అయ్యా, మీ యంత్రం వెనక ఉన్నది మా అమ్మాయి. ఆ యంత్రంలోంచి ఏది బయటికొచ్చినా అది పూర్తిగా మా అమ్మాయి పనే. అందులో ఇంకెవరికీ వాటా వేయకండి. మొదటి కాలు తొడిగే రోజున పదిమందిలో నిలబెట్టి ఆ మాట చెప్పించవలసిందిగా ఒక తండ్రి కోరిక" అని. చివర్లో నువ్వు చిన్నప్పుడు బల్ల కింద దూరి రేడియో విప్పేసిన సంగతి కూడా రాశాను. అది అవసరమా అని మీ అమ్మ అంది. అవసరమే.

మీ అమ్మ ఇంకోటి కూడా అంది. "ఆ పిల్ల ఏదో లెక్కల సంగతి పోల్చి చెబుతోంది, మీరు వేరే ఏదో అనుకుంటున్నారు" అని. తండ్రి మనసుకి తెలుస్తుంది, తల్లికేం తెలుసు అన్నాను. ఆ పూట నాకు టీ ఆలస్యమైంది.

ఇక నిన్ను చిన్న గదిలో ఎవరూ దాచలేరు. కండక్టరమ్మ లేచి నిలబడే రోజు అందరూ నీ వైపే చూస్తారు. నా మాట గుర్తుపెట్టుకో.

నీ పక్షాన నిలబడ్డ
నాన్న


జూన్ 26

నాన్నా,

ఈ ఉత్తరం పైకి చదవకు. సెలూన్‌లో అసలే వద్దు.

కండక్టరమ్మకి సాకెట్ సరిపోలేదు.

మొన్న పొద్దున్న తొడిగి చూశాం. కాలు సర్రున లోపలికి జారిపోయింది. ఎముక చివర అడుక్కి తగిలి ఆవిడ పెదవి కొరుక్కుంది. నొప్పి తగ్గాక "ఇదేంటమ్మా, ఎవరో మగాళ్ళ చొక్కా వేసుకున్నట్టుంది" అంది. నవ్వుతూనే అంది.

వెళ్ళి అచ్చుకి టేపు చుట్టి చూశాను. అది ఆవిడ కొలత కాదు. అంతకుముందు వచ్చిన లారీ డ్రైవరుది.

ఎలా జరిగిందో చెబుతాను. డ్రైవరు కొలతని పెద్ద మేస్త్రీ గారే చేత్తో లెక్కవేసి ఇచ్చారు. దాన్ని నేను స్క్రిప్ట్‌లో, అంటే యంత్రానికి రాసే రాతలో, బయట, ఫంక్షన్‌కి అవతల, 'చుట్టు' అన్న పేరు మీద పెట్టి యంత్రానికి ఇచ్చాను. అది అక్కడే ఉండిపోయింది. తర్వాత కండక్టరమ్మ కొలత ఫంక్షన్‌లోకి పంపాను. లోపల సరైన లెక్కే వేశాను. దానికీ 'చుట్టు' అనే పేరు పెట్టాను. లోపల మారిస్తే బయటిది కూడా మారిపోతుందని ఎక్కడో మనసులో అనుకున్నాను. మారదు. నీకు ఉలీ కత్తీ కథ చెప్పిన నేనే మరిచిపోయాను. పైగా రిటర్న్ రాయలేదు. రాయలేదని ఎందుకు గమనించలేదంటే, లెక్క కాగానే ఆ అంకెని తెర మీద చూపించమని లోపలే రాశాను. తెర మీద సరైన అంకె కనబడింది. మేస్త్రీ గారు కూడా చూసి తల ఊపారు. చూపించడం వేరు, ఇవ్వడం వేరు నాన్నా. లోపలి లెక్క లోపలే పోయింది. యంత్రానికి బయటున్న డ్రైవరు 'చుట్టు' దొరికింది, దాన్నే చెక్కింది.

మధ్యాహ్నం డాక్టరు గారు అందరినీ పిలిచారు. మేస్త్రీ గారు నా వైపు చూసి "అచ్చు పోసిన ప్లాస్టరు ఉబ్బి ఉంటుంది లెండి, అప్పుడప్పుడు జరుగుతుంది" అన్నారు. యంత్రం అంటే గిట్టని మనిషి, నాకోసం ఆ మాటన్నారు. అప్పుడు డాక్టరు గారు సొరుగులోంచి ఒక కవరు తీశారు. సెలూన్ బాబాయి చేతిరాత దూరం నుంచే గుర్తుపట్టాను. "యంత్రంలోంచి ఏది బయటికొచ్చినా పూర్తిగా మా అమ్మాయి పనే, ఇంకెవరికీ వాటా వేయకండి అని మీ నాన్నగారు రాశారు" అని చదివారు. ఎవరో నవ్వు ఆపుకున్నారు. రేడియో సంగతి కూడా చదివారు.

"నాన్న రాసింది నిజమే. తప్పు నాదే, ప్లాస్టరుది కాదు" అన్నాను. బయటికొచ్చి వరండాలో కూర్చున్న కండక్టరమ్మకి కూడా అదే చెప్పాను. ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసి, "సెలవు అయిపోవస్తోంది. నాకు కుర్చీ వద్దు. ఏడుపు తర్వాత, ముందు సరిచెయ్" అంది.

ఇంకొక్క అచ్చు చెక్కనిస్తామన్నారు. అది కుదరకపోతే యంత్రం మీద గుడ్డ కప్పేస్తారు, నేను ఇంటికే.

నువ్వు పొగిడితే నాకు సంతోషమే నాన్నా. కానీ నువ్వు పొగిడే అమ్మాయి వేరు, ఈ గదిలో కూర్చున్న మనిషి వేరు అనిపిస్తోంది. గది చిన్నదే, కానీ నన్నెవరూ అందులో దాచలేదు. దయచేసి ఇంకెవరికీ ఏమీ రాయకు.

అమ్మడు


జూలై 1

అమ్మా తల్లీ,

పైకి చదవలేదు. మనసులోనే చదువుకున్నాను. తర్వాత మీ అమ్మ చదివింది. చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, "రేడియో వద్దన్నాను" అంది. దానికంటే నాలుగు తిట్టినా బాగుండేది.

నేను చేసింది పిచ్చిపని. నువ్వు నీ పని సంగతి చెబితే, నేను నా గది బాధ అందులో పెట్టి చదువుకున్నాను. ఒప్పుకుంటున్నాను.

ఆ చూపించడం, ఇవ్వడం సంగతి మాత్రం నాకు పట్టుబడలేదు. సరైన అంకె కనబడ్డాక ఇంక ఇవ్వడమేమిటి అని మీ అమ్మని అడిగాను. ఆవిడ వంటింట్లోంచి "టీ అయింది!" అని కేకేసింది. నేను కుర్చీలో కూర్చుని చేయి చాపాను. రాలేదు. ఎంతసేపటికీ రాలేదు. "అయిందన్నావుగా?" అన్నాను. "అయింది. పొయ్యి మీదుంది. అయిందని చెబితే మీ చేతికొచ్చేస్తుందా?" అంది. అప్పుడు తెలిసింది. మీ అమ్మకి మొదటిసారే అర్థమైపోయింది అమ్మడూ! నువ్వు నా పోలిక అని ఊరంతా చెప్పుకున్నాను. ఇప్పుడు కొంచెం అనుమానంగా ఉంది.

ఇక నేను చెప్పాలనుకున్న అసలు మాట. ప్లాస్టరు ఉబ్బిందేమో అని ఆ పెద్దాయన నీకోసం ఒక తలుపు తీసి పెట్టాడు. నువ్వు ఆ తలుపులోంచి వెళ్ళలేదు. అందరి ముందూ "నాదే" అన్నావు. ఆ తర్వాత వరండాలోకి వెళ్ళి, ఎవరికి నొప్పి కలిగిందో ఆవిడకి కూడా చెప్పావు. అది ఎవరూ చెప్పమనలేదు. ఆ రెండు వాక్యాల దగ్గర నాకు అక్షరాలు కనబడలేదు, మీ అమ్మ కళ్ళజోడు అడిగి తీసుకోవాల్సి వచ్చింది. నేను పొగిడే అమ్మాయి వేరు అన్నావే, కాదు. తప్పే చేయని అమ్మాయిని నేనెప్పుడూ పొగడలేదు. అలాంటిది మనింట్లో పుట్టలేదు. ఆ గదిలో కూర్చున్న మనిషే నా అమ్మాయి. ఉద్యోగం ఉన్నా లేకపోయినా నేను ఈ ఉత్తరం మడిచి జేబులో పెట్టుకునే తిరుగుతాను.

డాక్టరు గారికి క్షమించమని ఒక చిన్న ఉత్తరం రాద్దామని కూర్చున్నాను. మీ అమ్మ పెన్ను లాక్కుంది. నీకు రాస్తానని ఒట్టేస్తేనే తిరిగిచ్చింది. నీకూ మాట ఇస్తున్నాను. ఇక నీ గురించి ఎవరి దగ్గరా నోరెత్తను. పొద్దున్న సెలూన్ బాబాయి "అమ్మాయి ఎలా ఉంది అన్నయ్యా?" అన్నాడు. "వాన వచ్చేలా ఉంది" అన్నాను. బయట ఎండ మాడిపోతోంది.

నోరు కుట్టేసుకున్న
నాన్న


జూలై 6

నాన్నా,

నీ ఉత్తరం జేబులో పెట్టుకున్నాను. మనిద్దరికీ ఇదే పద్ధతి.

ఎక్కువ రాసే తీరిక లేదు. అన్నీ తీసేశాను. బయట పెట్టుకున్నవి ఒక్కటి కూడా మిగల్లేదు, ఖాళీ చేసేశాను. పాతది ఏదీ పట్టుకుని వేలాడదలుచుకోలేదు. ఇకముందు ఎక్కడైనా ఇవ్వాల్సింది ఇవ్వకపోతే ముందుకి కదలదు, అక్కడే ఆగిపోతుంది. ఆగిపోవడమే మంచిది. తప్పుడు దారిలో నడవడం కంటే అదే నయం.

పై బుధవారం కండక్టరమ్మకి మళ్ళీ తొడిగి చూస్తాం, అయ్యాక రాస్తాను. మేస్త్రీ గారు పిలుస్తున్నారు.

అమ్మడు


జూలై 10

బంగారూ,

ఖాళీ చేసేశావా? అప్పుడేనా? బుధవారం దాకా ఆగమని చెప్పు వాళ్ళకి! పెట్టె సర్దేశావా? సామాన్లన్నీ తీసేశానంటావు, ఆగిపోవడమే మంచిదంటావు.

సరే. వచ్చెయ్. తలదించుకుని రాకు, మామూలుగా రా. కిటికీ పక్కన నీ మంచం వేయించాను. దుప్పట్లు మీ అమ్మ ఉతికింది. ఎవరైనా ఏమైనా అడిగితే నేను చెబుతాను, కాదు కాదు, నేనేమీ చెప్పను, మాటిచ్చాను. మీ అమ్మ చెబుతుంది. ఆవిడ ఒక చూపు చూస్తే చాలు, రెండో ప్రశ్న ఎవరూ అడగరు.

మీ అమ్మ నా భుజం మీంచి ఇదంతా చదివి "అది స్క్రిప్టులో పేర్ల సంగతి కాబోలు" అంటోంది. కిందటిసారి ఆవిడ మాట వినలేదు. ఈసారి సగం వింటున్నాను. మంచం మాత్రం ఉంచుతాను.

ఎదురుచూస్తున్న
నాన్న


జూలై 18

నాన్నా,

మంచం మడత పెట్టించు. నేను ఖాళీ చేసింది నా గది కాదు, స్క్రిప్ట్‌లో బయట పడేసిన పాత పేర్లని! ఈసారి కూడా అమ్మే కరెక్టు. నీ ఉత్తరం మేస్త్రీ గారికి చూపిస్తే నవ్వి నవ్వి టేపు కింద పడేసుకున్నారు.

ఇప్పుడు ఫంక్షన్‌కి నేను చేతికిచ్చింది తప్ప ఇంకేదీ ముట్టుకోదు. లెక్క కాగానే రిటర్న్ చేస్తుంది. ఆ వచ్చినదాన్ని ఆ మనిషి పేరు మీదే పట్టుకుంటాను. పాతవేవీ బయట లేవు కాబట్టి, ఒకవేళ నేను మరిచిపోయినా యంత్రం ఇంకొకరి కొలత తీసుకోలేదు. కొలత లేదని చెప్పి ఆగిపోతుంది. కావాలనే రెండుసార్లు మరిచిపోయి చూశాను. రెండుసార్లూ ఆగింది. అచ్చు బయటికి రాగానే మేస్త్రీ గారు టేపు చుట్టి చూస్తారు. చూసే ముందు ప్రతిసారీ "రిటర్న్ ఇచ్చావా?" అని గుమ్మం దగ్గర్నుంచి అరుస్తారు. "ఇచ్చానండీ" అంటే తప్ప లోపలికి రారు. వర్క్‌షాపులో అందరికీ అదే ఊతపదమైపోయింది. టీ తెచ్చే అతన్ని కూడా అదే అడుగుతున్నారు.

బుధవారం కండక్టరమ్మ వచ్చింది. తొడిగింది. లేచింది. నడక నేర్పే కమ్మీల మధ్య నడిచి వెళ్ళి, తిరిగి, మళ్ళీ వచ్చింది. నేను ఆవిడ మొహం చూడలేక సాకెట్ అంచునే చూస్తూ కూర్చున్నాను. "నా మొహం చూడు, కాలు కాదు" అంది. చూశాను. పెదవి కొరుక్కోవడం లేదు. "ఇది నాదే" అంది.

తర్వాత మెట్టు కావాలంది. బస్సు మెట్టు అంత ఎత్తు పీట వేశాం. ఎక్కి, దిగి, ఎక్కి, దిగి, చెమటలు కారుతున్నా ఆపదు. మేస్త్రీ గారు "చాలమ్మా, పీట అరిగిపోతుంది" అంటే గానీ ఆగలేదు.

డాక్టరు గారు నన్ను పక్కకి పిలిచారు. "ఉంచుకుంటున్నాం. యంత్రం బాగా చెక్కినందుకు కాదు, ఆ రోజు ప్లాస్టరు మీదికి నెట్టనందుకు" అన్నారు. ఇది నీకు చెప్పకూడదని అనుకున్నాను, నువ్వు నిద్రపోవు కాబట్టి. కానీ నువ్వు ముందే రాశావు ఆ మాట. ఆయనకంటే ముందు.

కండక్టరమ్మ ఇరవై ఎనిమిది నుంచి డ్యూటీలో చేరుతోంది. మా ఆసుపత్రి నుంచి పెద్ద మార్కెట్‌కి వెళ్ళే బస్సు. ఇంకా బలం రావాలి, మొదట్లో ఒక పూటే చేయిస్తారట.

నువ్వు మాట నిలబెట్టుకుంటున్నావని అమ్మ వేరే కాగితం మీద రాసింది. నీ మొహం చూస్తే జాలేస్తోందట.

నీ అమ్మడు


జూలై 30

నా తల్లీ, నా చిట్టితల్లీ, నా కంటి వెలుగూ,

నీకు చెప్పకుండా ఒక పని చేశాం. కోపగించుకోకు. ఉత్తరాలు రాయడం లాంటి పని కాదు.

ఇరవై ఎనిమిదిన తెల్లవారుజామున బస్సెక్కి మీ ఊరు వచ్చాం, మీ అమ్మా నేనూ. మీ వర్క్‌షాపు గేటు దాకా వచ్చాం కూడా. కిటికీ అద్దంలోంచి కనిపించావు. ఎవరో పెద్దావిడ ముందు నేల మీద కూర్చుని కాలికి టేపు చుడుతున్నావు, పెన్ను చెవి మీద పెట్టుకుని. పిలుద్దామని చేయెత్తాను. కొలత తీసే మనిషిని పిలిస్తే అంకె తప్పుతుంది, అది నాకు తెలియని సంగతి కాదు. చేయి దించేశాను. మీ అమ్మ మాత్రం చాలాసేపు చూసింది. "చిక్కిపోయింది" అంది. చిక్కలేదు.

తర్వాత ఆసుపత్రి ముందు ఆ మార్కెట్ బస్సెక్కాం. ఎక్కేముందు మీ అమ్మ నన్ను ఆపి "ఏమీ మాట్లాడరు కదా?" అంది. "నేనేనా?" అన్నాను. "మీరే" అంది. మాటిచ్చాను కదా, పెదవులు బిగించుకుని కిటికీ పక్కన కూర్చున్నాను.

కండక్టరమ్మని ఎవరూ చూపించక్కర్లేదు. మొదటి మెట్టు మీద నిలబడి జనాన్ని ఎక్కిస్తోంది. "జరగండి సార్, ముందుకి జరగండి, లోపల బోలెడు చోటుంది" అని. మనిషి సన్నగా ఉంది గానీ గొంతు ఎంత పెద్దదో! నా చెవులకి కూడా చక్కగా వినబడింది. పైకెక్కి "రైట్ రైట్!" అంది. బస్సు కదిలింది. జనాన్ని తోసుకుంటూ టిక్కెట్లు కొడుతూ మా వైపు వచ్చింది. ఒక కాలు కొంచెం ముందుగా పడుతోంది, అంతే. తెలిసినవాళ్ళకి తప్ప తెలీదు. నేను ఆ కాలి వైపు చూడకూడదని బయటికి చూశాను. కళ్ళు వాటంతట అవే లోపలికి వచ్చేశాయి. నా గుండె ఎలా కొట్టుకుందంటే, పక్కసీటాయన "ఏమండీ, కళ్ళు తిరుగుతున్నాయా?" అని అడిగాడు. తల అడ్డంగా ఊపాను. అమ్మడూ, ఆ బస్సులో అంతమంది ఉన్నారు! ఒక్కొక్కరి భుజం తట్టి చెప్పాలనిపించింది. నాలుక కొరుక్కున్నాను. నిజంగానే కొరుక్కున్నాను, ఇప్పటికీ కారం తగిలితే మండుతోంది. నోరెత్తలేదు. ఒక్క ముక్క అనలేదు.

ఆవిడ మా దగ్గరికి వచ్చి "ఎక్కడికి?" అంది. నేను చెప్పబోతుంటే మీ అమ్మ లేచి నిలబడింది. ఆవిడ చేయి పట్టుకుంది. మీ అమ్మ, అమ్మడూ! ఇంటికొచ్చినవాళ్ళతో కూడా నాలుగు మాటలు మాట్లాడని మనిషి! "నొప్పిగా ఉందా తల్లీ?" అంది. కండక్టరమ్మ తెల్లబోయింది. "మీకెలా తెలుసు?" అంది. "ఆ కొలత మా అమ్మాయిది" అని మీ అమ్మ బస్సంతా వినబడేలా చెప్పేసింది. "మా అమ్మాయే! మొదట తప్పు చేసింది, తర్వాత సరిచేసింది, రెండూ అదే చేసింది!" జనమంతా వెనక్కి తిరిగారు. డ్రైవరు కూడా అద్దంలోంచి చూశాడు. నేను మీ అమ్మ కొంగు పట్టుకుని లాగాను. "మాటిచ్చింది మీరు, నేను కాదు" అంది.

కండక్టరమ్మ మీ అమ్మ చేయి వదల్లేదు. "వరండాలోకి వచ్చి నాతో చెప్పిన పిల్లేనా?" అంది. "అదే" అంది మీ అమ్మ. "నన్ను చాలామంది డాక్టర్లు చూశారమ్మా. పొరపాటు నాదే అని నా మొహం మీద చెప్పింది ఆ పిల్ల ఒక్కతే. అందుకే రెండోసారి తొడుక్కున్నాను, లేకపోతే రాకపోదును" అంది. తర్వాత నా వైపు తిరిగి, "పెద్దాయన మాట్లాడరా?" అని అడిగింది. మీ అమ్మ నవ్వింది. ఎంతకాలానికి విన్నానో ఆ నవ్వు. "ఈ ఒక్క రోజుకీ మాట్లాడరు" అంది.

అంతలో వెనకాల ఎవరో "టిక్కెట్!" అని అరిచారు. "వస్తున్నా, రెక్కలు లేవు, కాళ్ళతోనే రావాలి" అని ఆవిడా అరిచి, సంచీ సర్దుకుని వెనక్కి వెళ్ళింది. సరిగ్గా అప్పుడే మార్కెట్ మలుపు వచ్చింది. డ్రైవరు వేగంగా తిప్పాడు. నిలబడ్డవాళ్ళంతా పైనున్న కమ్మీ కోసం చేతులు చాపారు, మీ అమ్మ నా భుజం పట్టుకుంది, నేను ముందుసీటు పట్టుకున్నాను. ఆవిడ ఒక చేత్తో చిల్లర ఇస్తోంది, రెండో చేత్తో టిక్కెట్ చింపుతోంది.

కమ్మీ పట్టుకోలేదమ్మా.

మీ నాన్న